రిటర్న్ టికెట్ ఉందా అని ఎవరిని అడగాలి?

సంపాదకులకు నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లా గార మండలంలో ఒక బ్రాంచి పోస్టాఫీసు నడుపుతున్నాను. 33 ఏళ్ల సర్వీసు. మాది ఒక్కరే పనిచేసే ఆఫీసు కాబట్టి పోస్ట్‌మాస్టరూ నేనే, సైకిలు మీద ఉత్తరాలు పంచేదీ నేనే. విదేశాల్లో చిక్కుకున్న మన జిల్లా కుర్రాళ్ల గురించి మీ పత్రికలో వార్త వచ్చినప్పుడల్లా ఆ పేజీ మా ఆఫీసు అరుగు మీద పదిమంది చేతులు మారుతుంది. ఆ వార్తల గురించీ, మా ఇంట్లో నాలుగు నెలల పాటు జరిగిన దాని గురించీ ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అమ్మాయికి 26 ఏళ్లు. ఇంజినీరింగ్ చదివి హైదరాబాద్‌లో నాలుగేళ్లు ఉద్యోగం చేసింది. 2024 దసరాకు ఇంటికి వచ్చి, ఉద్యోగం మానేశానని, దాచుకున్న మూడు లక్షలతో వీపుకి ఒక బ్యాగు తగిలించుకుని థాయిలాండ్, లావోస్, వియత్నాం, కంబోడియా తిరిగి వస్తానని చెప్పింది. ఒక్కర్తే. ఆ రాత్రి వాళ్లమ్మ అన్నం తినలేదు. నేను తిన్నాను గానీ ఏం తిన్నానో తెలీదు.

ఆ నెలంతా మా ఇంటికి వచ్చిపోని చుట్టం లేదు. "ఆ డబ్బుకి ఇంకొంత కలిపితే శ్రీకాకుళంలో స్థలానికి అడ్వాన్సు కట్టొచ్చు కదన్నయ్యా" అన్నాడు తమ్ముడు. "రేపు సంబంధాల వాళ్లు అడిగితే ఏమని చెప్పాలి బావా" అంది మరదలు. వీధిలో వాళ్లు "జీతం ఎంతట?" అని అడిగేవారు. ఉద్యోగానికి వెళ్లడం లేదు, దేశాలు చూడ్డానికి వెళ్తోంది అంటే "చూడ్డానికా?" అని ఆగిపోయేవారు. కంబోడియా పేరు వినగానే మాత్రం అందరి ముఖాలూ ఒకేలా మారిపోయేవి.

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. 2024 మే నెలలో విశాఖ పోలీసులు కంబోడియా మోసాన్ని బయటపెట్టిన సంగతి మీ పాఠకులందరికీ గుర్తుండే ఉంటుంది. కంప్యూటర్ ఉద్యోగాలని చెప్పి, ఒక్కొక్కరి దగ్గర లక్షన్నర దాకా తీసుకుని, మన ఉత్తరాంధ్ర కుర్రాళ్లను ఏజెంట్లు అక్కడి ముఠాలకు అప్పగించారు. పాస్‌పోర్టులు లాక్కున్నారు. ఫోన్లలో, ఫేస్‌బుక్‌లో మన దేశం వాళ్లనే మోసం చేసే పని చేయించారు. ఆ మే నెలలోనే సిహనౌక్‌విల్ అనే ఊళ్లో మనవాళ్లు తిరగబడ్డారు. తర్వాత విడతలు విడతలుగా విశాఖ విమానాశ్రయానికి చేరారు.

వాళ్లలో ఒకడు మా బ్రాంచి పరిధిలోని కుర్రాడు. పాస్‌పోర్టులు స్పీడ్ పోస్టులో వస్తాయి. పాస్‌పోర్టు ఎవరిదో వాళ్లకే, గుర్తింపు కార్డు చూసి, సంతకం తీసుకుని ఇవ్వాలి. 2023 చివర్లో వాడికి ఆ కవరు నా చేతులతోనే ఇచ్చాను. అక్కడే చింపి, తన ఫోటో ఉన్న పేజీ నాకు చూపించాడు. నేను అడిగింది ఒక్కటే: "జీతం ఎంతరా?" "నెలకి ఎనభై వేలంట మావయ్యా, డేటా ఎంట్రీ" అన్నాడు. మంచిదే, మీ అమ్మ కష్టం గట్టెక్కుతుంది అన్నాను. వాళ్లమ్మ పుస్తెల తాడు కుదువ పెట్టిందని అప్పటికే ఊరందరికీ తెలుసు. ఎవరూ ఇంకో మాట అడగలేదు. నేనూ అడగలేదు.

మా అమ్మాయిని మాత్రం అందరూ అడిగారు. మొదటి రాత్రి ఎక్కడ పడుకుంటావు? ఆ గది ఎవరు మాట్లాడారు? వీసా ఏ రకం, ఎన్ని రోజులు? పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది? రిటర్న్ టికెట్ ఉందా? డబ్బు అయిపోతే ఏం చేస్తావు? చెప్పీ చెప్పీ విసిగిపోయి, ఒక రూళ్ల పుస్తకంలో ప్రశ్న, దాని కింద జవాబు, నాలుగు పేజీల నిండా రాసి నా బల్ల మీద పెట్టింది. 2024 జులైలో వచ్చిన అప్పటి నిబంధన ప్రకారం థాయిలాండ్‌లో మనవాళ్లు వీసా లేకుండా 60 రోజులు ఉండొచ్చు. వియత్నాం ఈ-వీసా 90 రోజుల దాకా ఇస్తారు. కంబోడియాది 30 రోజులు. ఆయా దేశాల్లో మన ఎంబసీల ఫోన్ నంబర్లు. 2024 ఏప్రిల్‌లో విశాఖ నుంచి బ్యాంకాక్‌కి నేరుగా విమానం మొదలైంది. వెళ్లేది నవంబరు 30, తిరిగి వచ్చేది మార్చి 29, ఉగాది ముందు రోజు. రెండు టికెట్లూ ప్రింటు తీసి పుస్తకంలో అంటించింది.

ఇంట్లో భయపడనిది మా అమ్మ ఒక్కతే. ఆవిడకి 85. ఆవిడ తండ్రి, అంటే మా తాత, పెళ్లయిన కొత్తలో రంగం వెళ్లాడు. రంగూన్‌ని మా వైపు పెద్దవాళ్లు రంగం అనే అంటారు. ఈ తీరం రేవుల నుంచి ఓడలెక్కి బర్మా వెళ్లినవాళ్లు మా చుట్టుపక్కల ఊళ్లలో చాలామంది. రంగూన్ బియ్యం మిల్లుల్లోనూ రేవులోనూ బస్తాలు మోసిన కూలీల్లో మన తెలుగువాళ్లు వేలమంది ఉండేవారు. 1942లో జపాన్ సైన్యం వచ్చిపడితే తాత అందరితో పాటు అడవులూ కొండలూ దాటుకుని నడిచి వచ్చాడు. నెలల తరబడి కబురు లేదు. మా అమ్మమ్మ ఆశ వదులుకుంది. ఒక సాయంత్రం గడ్డంతో, వాచిపోయిన కాళ్లతో గుమ్మం ముందు నిలబడితే ఇంట్లో కుక్క మొరిగిందట, మనిషిని గుర్తుపట్టలేక. అమ్మకి అప్పుడు రెండేళ్లు. ఇదంతా వాళ్లమ్మ చెప్పగా విన్నదే. ఆవిడ మా అమ్మాయి వంక చూసి నాతో అంది: "మా అయ్య అప్పు తీర్చడానికి వెళ్లాడు. ఈ గుంట అప్పు లేకుండా వెళ్తంది. ఎల్లనీరా."

నవంబరు 30న విశాఖలో విమానం ఎక్కించాం. వాళ్లమ్మ చోడిపిండి, ఎండు చేపల పొడి కట్టి ఇచ్చింది. విమానాశ్రయంలో కిలోలు లెక్క చూసుకుని సగం మళ్లీ మాకే ఇచ్చేసింది.

మొదటి నెల బాగానే గడిచింది. చెప్పాల్సింది సంక్రాంతి ముందు వారం గురించి. థాయిలాండ్ దాటి లావోస్‌లో హువాయ్‌సాయ్ అనే ఊరు చేరానని, రేపు పొద్దున్న మెకాంగ్ నది మీద పడవ ఎక్కుతున్నానని మెసేజ్ పెట్టింది. ఆ పడవ లువాంగ్ ప్రబాంగ్ అనే ఊరు చేరడానికి రెండు రోజులు పడుతుంది. మధ్యలో పాక్‌బెంగ్ అనే చిన్న ఊళ్లో రాత్రి పడుకోవాలి. కొండల మధ్య సిగ్నల్ సరిగా ఉండదని ముందే చెప్పింది. పుస్తకంలోనూ రాసింది. అయినా మొదటి రోజు మధ్యాహ్నానికే మా ఫ్యామిలీ గ్రూపులో అలజడి మొదలైంది. మా బావమరిది నెట్‌లో వెతికి, హువాయ్‌సాయ్ ఉన్నది బొకేవో అనే రాష్ట్రంలోనని, అదే రాష్ట్రంలోని మోసాల అడ్డాల నుంచి 2024 ఆగస్టులో 47 మంది భారతీయులను మన ఎంబసీ విడిపించిందని పెట్టాడు. ఆ వార్త నిజమే. కానీ దాని వెనకే ఇంకెవరో, ఏ దేశంలోదో తెలియని ఒక అమ్మాయి ఏడుస్తున్న వీడియో పంపారు. దానికి ముప్పై మంది దండాలు పెట్టారు. రాత్రికి వాళ్లమ్మకి బీపీ పెరిగి ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

నేను పోస్టాఫీసు మనిషిని. కబురు రాలేదంటే చెడ్డ కబురు కాదని, చెడ్డ కబురైతే టెలిగ్రాం వస్తుందని ఒకప్పుడు ఎంతమందికో ధైర్యం చెప్పాను. టెలిగ్రాం 2013లోనే పోయింది. ఆ రాత్రి ఆ మాట నాకు నేను చెప్పుకోలేకపోయాను.

రెండో రోజు సాయంత్రం ఫోటో వచ్చింది. నది, అవతల కొండలు, ఒళ్లో వెదురు బుట్టలో ముద్దగా ఉన్న అన్నం. అక్కడ ఆ జిగురు బియ్యమే రోజూ తింటారట. "నాన్నా, మన వంశధారకి రెండు పక్కలా కొండలు పెడితే ఇలాగే ఉంటుంది" అని రాసింది. అది రాసి పంపాక గానీ మా మెసేజ్‌లు చూసుకోలేదు. వంద పైన ఉన్నాయి. అప్పుడు ఫోన్ చేసింది, ఏడుస్తూ. "పడవలో ఎంత బాగుందో చెప్దామనుకున్నాను నాన్నా. నేను బతికే ఉన్నానని అందరికీ చెప్పడానికే గంట పట్టింది." తర్వాత మూడు రోజులు గ్రూపులో ఏమీ పెట్టలేదు. ఆ ఊళ్లో తెల్లవారుజామునే బౌద్ధ సన్యాసులు వరసగా నడుస్తూ వస్తే జనం వీధి పక్కన కూర్చుని అన్నం భిక్ష వేస్తారట. అది నాకు ఆమె మార్చిలో చెప్పింది. సాలిహుండం కొండ మా ఆఫీసుకి సైకిలు దూరం. అక్కడి స్తూపాల దగ్గర కూడా ఒకప్పుడు ఇలాగే వరసగా దిగి వచ్చేవారేమో అని ఆ రోజే అనుకుందట. ఆ రోజే చెప్పేది. చెప్పనివ్వనిది మేమే.

అయితే అందరూ మాలాంటి వాళ్లే కాదు. కళింగపట్నం వైపు నుంచి మా ఆఫీసుకి పొదుపు డబ్బు కట్టడానికి వచ్చే ఒక మత్స్యకారుడు ఉన్నాడు. నా ఫోన్లో ఆమె పంపిన ఫోటోలు చూసి, "ఆ వల కన్ను ఎంత సైజో అడుగు బాబూ" అన్నాడు. ఎప్పుడొస్తుంది అనలేదు, పెళ్లెప్పుడు అనలేదు. అది పంపితే మా అమ్మాయి ఎంత సంబరపడిందో! కంబోడియాలో టోన్లే సాప్ అనే పెద్ద చెరువు దగ్గరికి వెళ్లినప్పుడు అతని కోసమే పడవవాళ్లని అడిగి అడిగి వాయిస్ మెసేజ్ పెట్టింది. వానాకాలంలో మెకాంగ్ పొంగితే ఆ చెరువు నుంచి వచ్చే ఏరు వెనక్కి తిరిగి చెరువులోకే ప్రవహిస్తుందట. చెరువు ఎన్నో రెట్లు పెరుగుతుందట. వానలు తగ్గాక మళ్లీ ఏరు కిందికి పారుతుంది, అప్పుడు చేపలు పడతారు. చేపల్ని ఉప్పులో ఊరబెట్టి మగ్గించి ఏడాదంతా వాడుకుంటారు. మా ఆఫీసు అరుగు మీద ఆ మెసేజ్ నాలుగుసార్లు పెట్టించుకుని విన్నారు. "ఏరు ఎనక్కి పారడమేటి!" అని అతను ఇప్పటికీ వచ్చినప్పుడల్లా అంటాడు.

మా అమ్మ సంగతి ఇంకొకటి. ఆంగ్‌కోర్ వాట్ గుడి గోడ మీద క్షీరసాగర మథనం శిల్పం ఉంది, దాదాపు 49 మీటర్ల పొడవు. దేవతలూ అసురులూ వాసుకిని పట్టుకుని లాగుతుంటే మధ్యలో విష్ణువు, ఆయన కింద తాబేలు. మా అమ్మాయి ఆ తాబేలు ఒక్కదాన్నే దగ్గరగా ఫోటో తీసి పంపింది, నాన్నమ్మకి చూపించమని. మేముండేది శ్రీకూర్మానికి దగ్గర. అమ్మ కళ్లజోడు తుడుచుకుని చూసి, "మన కూర్మనాథుడు అక్కడిదాకా ఎల్లాడా" అని ఫోన్‌కి దండం పెట్టింది. ఆ గుడి కట్టించిన సూర్యవర్మ, మన ముఖలింగం వైపు రాజ్యం ఏలిన చోడగంగ దేవుడు ఒకే కాలం వాళ్లు, ఇద్దరూ 12వ శతాబ్దం మొదట్లో ఉన్నవాళ్లు. ఇది మా అమ్మాయి చెప్తే నాకు తెలిసింది. ఇన్నేళ్లు ఈ ఊళ్లలోనే సైకిలు తొక్కుతున్నాను.

విశాఖలో ఆమె స్నేహితురాలు ఒకమ్మాయి ఉంది. పాస్‌పోర్టు కాపీలు, టికెట్లు, అన్నీ ఒక సెట్టు ఆమె దగ్గర పెట్టి వెళ్లింది. ఆ పిల్ల ప్రతి ఆదివారం మాకు ఫోన్ చేసి కబుర్లు చెప్పేది. వియత్నాంలో స్కూటర్ మీద నుంచి పడి మోకాలు చీరుకుపోయిందని చెప్పింది మాత్రం గాయం మానాక. నాకు కోపం వచ్చింది. "అంకుల్, ఆ రోజే చెప్తే మీరు ఆంటీకి చెప్తారు, ఆంటీ గ్రూపులో పెడతారు, తను మళ్లీ ఫోన్ ఆపేస్తుంది" అంది. కాదనడానికి నా దగ్గర మాట లేదు.

మార్చి 28, శుక్రవారం. మయన్మార్‌లో మాండలే దగ్గర 7.7 భూకంపం వచ్చింది. మన టైము మధ్యాహ్నం 12 కావస్తోంది. మా అమ్మాయి అప్పుడు బ్యాంకాక్‌లో ఉంది, మర్నాడే విమానం. బ్యాంకాక్‌లో కడుతున్న పెద్ద భవనం కుప్పకూలిన దృశ్యం టీవీలో మళ్లీ మళ్లీ వేశారు. కానీ ఆ దృశ్యం మా కళ్లబడక ముందే స్నేహితురాలి ఫోన్ వచ్చింది: "తను రోడ్డు మీదకి వచ్చేసింది అంకుల్, బాగుంది, నెట్‌వర్క్ ఆగుతోంది, మీరు ఫోన్ చెయ్యొద్దు, మెసేజ్ మాత్రం చూస్తూ ఉండండి." ఆ రోజు గ్రూపులో నేనే ఒక మాట రాశాను, వీడియోలు ఎవరూ పెట్టవద్దని. మా బావమరిది అందరికీ విడివిడిగా ఫోన్ చేసి అదే చెప్పాడు. సంక్రాంతి అప్పుడు అలా చేసినవాడే. ఎవరూ పెట్టలేదు. శనివారం విమానం బయల్దేరింది. ఆదివారం ఉగాది, ఇంకా తెల్లవారక ముందే గుమ్మం ముందు ఆటో ఆగింది. మా కుక్క ఆమెను గుర్తుపట్టింది.

ఆమె వచ్చిన వారానికి, కంబోడియా నుంచి బయటపడి వచ్చిన ఆ కుర్రాడు మా ఇంటికి వచ్చాడు. వచ్చినప్పటి నుంచి ఊళ్లో ఎవరింటికీ వెళ్లేవాడు కాదు. "అప్పా, ఫోటోలు చూస్తాను" అన్నాడు మా అమ్మాయితో. మా వైపు అక్కని అప్ప అంటారు. గుడి, చెరువు, బజారు, సైకిలు మీద బడికెళ్లే పిల్లలు, అన్నీ ఒక్కొక్కటీ చూశాడు. "నేను ఆరు నెలలున్నాను ఆ దేశంలో. గోడ తప్ప ఏటీ చూడలేదు" అన్నాడు. మా అమ్మాయికి ఏం చెప్పాలో తెలియక అతని పక్కనే కూర్చుంది. తర్వాత బల్ల మీద ఉన్న రూళ్ల పుస్తకం తీశాడు. నాలుగు పేజీలూ మెల్లగా చదివాడు. చదివి నా వైపు చూశాడు. "ఇందులో ఒక్కటైనా నన్నెవరూ అడగలేదు మావయ్యా."

అప్పటి నుంచి ఆ మాట నన్ను వదలడం లేదు. సొంత డబ్బుతో, రిటర్న్ టికెట్ కొనుక్కుని, ఏ రోజు ఎక్కడ ఉంటానో రాసిపెట్టి వెళ్లిన పిల్లని మేం నాలుగు నెలలు ప్రశ్నలతో నిలబెట్టాం. అప్పు చేసి, ముఖం తెలియని ఏజెంటు చేతిలో అన్నీ పెట్టి వెళ్తున్న కుర్రాడిని జీతం ఎంత అని మాత్రం అడిగి వెన్ను తట్టి పంపాం. ఆడపిల్ల తిరగడానికి వెళ్తే తప్పుగా కనిపించింది. మగపిల్లాడు సంపాదించడానికి వెళ్తే అది ఎలాంటి సంపాదనో చూడాలని ఎవరికీ అనిపించలేదు.

సంపాదకులకు నా విన్నపం ఇది. చిక్కుకున్న వాళ్ల వార్త వేసినప్పుడు పక్కనే ఒక చిన్న పెట్టెలో కొన్ని విషయాలు కూడా వేయండి. టూరిస్ట్ వీసా మీద వెళ్లి ఉద్యోగం చేయకూడదని, ఉద్యోగం అని చెప్పి టూరిస్ట్ వీసా చేతికిస్తే అక్కడే ఆగిపోవాలని. విదేశీ ఉద్యోగాలకు పంపే ఏజెంటుకు కేంద్ర విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉండాలని, ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చని. అక్కడ ఇబ్బంది పడితే ఇంట్లో వాళ్లు అదే శాఖ నడిపే మదద్ అనే వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టొచ్చని. మా ఊళ్లలో పెద్దవాళ్లు వెబ్‌సైట్లు చూడరు, మీ కాగితం చూస్తారు. అలాగే మన జిల్లాల నుంచి వెళ్లి నాలుగు దేశాలు చూసి క్షేమంగా వచ్చిన పిల్లలు కూడా ఉన్నారు. ఏం చూశారో, ఏం తిన్నారో వాళ్లతో రాయించి అప్పుడప్పుడు వేయండి. కంబోడియా అనగానే మా వాళ్లకి ఆ గోడే గుర్తుకొస్తోంది. ఆ తాబేలు కూడా గుర్తుకు రావాలని నా కోరిక.

పిల్లలు దూరం వెళ్లిన ఇళ్లవాళ్లకి కూడా ఒక మాట. ఎక్కడిదో తెలియని వీడియో ఆ ఇంటి గ్రూపులో పెట్టకండి. ఒక తల్లి దాన్ని రాత్రంతా చూస్తుంది. ఫోన్ వస్తే ముందు వాళ్లు చెప్పేది వినండి.

మా అమ్మాయి లువాంగ్ ప్రబాంగ్ నుంచి నాకు రాసిన పోస్టు కార్డు ఆమె ఇంటికి వచ్చిన తర్వాత చేరింది. సంచిలోంచి తీసి ముద్ర కొట్టింది నేనే, ఇంటికి తీసుకెళ్లి ఇచ్చుకున్నదీ నేనే. ఇప్పుడు ఆమె విశాఖలో ఉద్యోగం చేస్తోంది.

పోయిన వారం ఇంకో పాస్‌పోర్టు కవరు వచ్చింది. ఇరవై రెండేళ్ల కుర్రాడు. సంతకం తీసుకుని కవరు చేతికిచ్చాక అరుగు మీద కూర్చోబెట్టి అడిగాను: ఏ దేశం, వీసా ఏ రకం, ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు ఎంత, రిటర్న్ టికెట్ ఎవరు కొంటారు. మొదటిదానికి తప్ప వేటికీ జవాబు తెలియలేదు. విసుక్కోలేదు. ఏజెంటుని అడిగి, కాగితాలు ఫోటో తీయించుకుని వచ్చి చూపిస్తానన్నాడు. ఇంకా రాలేదు. రేపు వాళ్ల వీధికి రెండు ఉత్తరాలున్నాయి. ఎలాగూ వెళ్తాను, ఇంటికే వెళ్లి అడుగుతాను.

ఇట్లు,
ఒక బ్రాంచి పోస్ట్‌మాస్టర్,
గార మండలం, శ్రీకాకుళం జిల్లా.
(ఆ కుర్రాడి కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకూడదు కాబట్టి నా పేరు, ఊరు పేరు వేయవద్దని మనవి.)